మా ఇంటి డీవీఆర్‌ను బాగు చేసుకున్న వైనం

అనంతపురంలోని మా ఇంట్లో సంపు దగ్గరి మోటారు తీగను ఏప్రిల్‌లో ఒక రాత్రి ఎవరో కోసుకుపోయారు. నాలుగు కెమెరాలున్నాయి, అవి పంపే దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ అనే పెట్టె ఉంది, మనిషి దొరక్కపోడన్న ధీమాతో టీవీ ముందు కూర్చుంటే, ఆ తేదీన ఒక్క నిమిషం రికార్డింగ్ కూడా లేదు. వెతకగా వెతకగా 2000 జనవరి 1వ తేదీ కింద రెండేసి, మూడేసి నిమిషాల ముక్కలు కొన్ని కనిపించాయి. తీగ పోయిన రాత్రి వాటిలోనూ లేదు. టీవీ పెట్టినప్పుడల్లా వీధి, గేటు కనిపిస్తూనే ఉండడంతో రికార్డింగ్ ఆగిపోయిందన్న అనుమానమే మాకు రాలేదు.

ఆ సాయంత్రం స్టూలు వేసుకొని సజ్జ మీద ఉన్న డీవీఆర్ పక్కనే చెవి పెట్టి విన్నాను. లోపలి డిస్క్ తిరగడం మొదలైన చప్పుడు వస్తుంది, కొంతసేపు నడుస్తుంది, ఉన్నట్టుండి బీప్ శబ్దంతో మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. అమర్చిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే, చూడకుండానే, "హార్డ్ డిస్క్ పోయింది సార్, ఐదేళ్లయింది కదా, కొత్తది వేసేద్దాం" అన్నాడు. ఆయన మాట నమ్మదగినదే. నాలుగు కెమెరాలు ఒక్కొక్కటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపితే రోజుకు దాదాపు 86 జీబీ అవుతుంది; మా 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకొకసారి నిండి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటూ, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది.

అయినా డబ్బు పెట్టే ముందు ఒకసారి పరీక్షిద్దామని డిస్క్‌ను విప్పి, మా మేనల్లుడి దగ్గరున్న యూఎస్‌బీ డాక్‌లో (విడి డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే స్టాండులో) పెట్టి కంప్యూటర్‌కు కలిపాము. డీవీఆర్ రాసుకొనే పద్ధతి విండోస్‌కు అర్థం కాదు కనుక డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయమని, అంటే కొత్త డిస్క్‌లా మొదటి నుంచి సిద్ధం చేయమని అడిగింది. అక్కడ పొరపాటున సరేనని నొక్కితే ఉన్న కాస్త రికార్డింగ్ కూడా చేజారేది, కనుక క్యాన్సిల్ చేశాము. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే దాచుకొనే లెక్కలు తీస్తే, నడిచిన గంటలు 41 వేలు దాటాయి గానీ, చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ (సమాచారం రాసుకొనే చిన్న గడి) ఒక్కటీ లేదు. గంటసేపు తిప్పినా ఎక్కడా ఆగలేదు. ఇటు డిస్క్ లేని డీవీఆర్ కూడా ఆ రాత్రంతా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాకుండా నడిచింది.

రెండూ విడివిడిగా బాగున్నాయంటే లోపం ఆ రెంటికీ కరెంటు ఇచ్చే అడాప్టర్‌లో ఉండాలి. నిజానికి అడాప్టర్‌ను నేను మొదటి రోజే మల్టీమీటర్‌తో చూశాను, 12.1 వోల్టులు చూపించడంతో పక్కన పెట్టేశాను. "లోడు లేకుండా, అంటే ఏదీ కరెంటు లాగనప్పుడు చూస్తే అన్నీ బాగానే కనపడతాయి మామా" అని మావాడు నవ్వి, డిస్క్‌ను మళ్లీ బిగించి, డీవీఆర్ మూత తెరిచి, అడాప్టర్ పిన్ను బోర్డుకు అతికిన చోట మీటరు ముళ్లు ఆనించాడు. డిస్క్ తిరగడం మొదలైన క్షణంలో అంకె 9.8కి జారింది, వెంటనే తెర నల్లబడింది. డిస్క్ లోపల ఆగి ఉన్న పళ్లేలను వేగానికి తెచ్చే ఆ కొన్ని సెకన్లలో ఇలాంటి 3.5 అంగుళాల డిస్క్ ఒక్కటే సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. మా అడాప్టర్ మీద రాసి ఉన్నదే 2 ఆంపియర్లు. కొత్తలో ఎలాగో నెట్టుకొచ్చినా, స్లాబుకు ఆనుకొని ఉన్న సజ్జ మీద, గాలి ఆడని చెక్కపెట్టెలో, నలభై డిగ్రీలు దాటే మా ఊరి ఎండలకు దానిలోని కెపాసిటర్లు (కరెంటును కాస్త నిల్వ ఉంచి నిలకడగా అందించే భాగాలు) ఎండిపోయి ఉంటాయి. అడాప్టర్‌ను మాత్రం విప్పి చూడలేదు; ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉండవచ్చు.

టవర్ క్లాక్ దగ్గరి దుకాణంలో 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చాను. ఆంపియర్లు ఎక్కువైతే బోర్డు కాలిపోతుందేమోనని మా ఆవిడ భయపడింది గానీ, వోల్టులు సమానంగా ఉండి, పిన్ను మధ్యభాగం ప్లస్ అయితే చాలు; బోర్డు తనకు కావలసినంతే తీసుకుంటుంది. కరెంటు లేనప్పుడు డీవీఆర్ గడియారాన్ని నడిపే, తేదీ 2000కు పోవడానికి కారణమైన నాణెం ఆకారపు బ్యాటరీ 2.1 వోల్టులకు పడిపోయి ఉండడంతో, సీఆర్2032 రకం కొత్తది వేసి గడియారం సరిచేశాను. ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్మును పాత పెయింట్ బ్రష్షుతో దులిపి, డీవీఆర్‌ను సజ్జ మీది నుంచి దించి, హాలులో గాలి తగిలే అలమరలో పెట్టాను.

మూడు వారాలుగా డీవీఆర్ ఒక్కసారి కూడా తనంతట తాను ఆగలేదు. తీగ కోసినవాడు ఎవరో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.