గోల్డెన్ హైండ్ మీద విన్న ఓడ మాటలు

లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి సదర్క్ కేథడ్రల్ దాటితే, థేమ్స్ ఒడ్డున ఇరుకు రేవులో గోల్డెన్ హైండ్ కనిపిస్తుంది. ఫ్రాన్సిస్ డ్రేక్ 1577-80లో భూమిని చుట్టివచ్చిన ఓడకు ఇది అసలు సైజు నమూనా. 1973లో డెవన్ తీరంలోని ఆపిల్‌డోర్‌లో నీట దించారు. డ్రేక్ ఇంగ్లండ్‌కు వీరుడు, స్పెయిన్‌కు పచ్చి సముద్రపు దొంగ. దొంగల భాష అనుకునేదంతా మామూలు ఓడ పనివాళ్ల భాషేనని ఈ ఓడెక్కితే బాగా తెలుస్తుంది.

ఫిరంగుల అంతస్తులో నడుం వంచే నడిచాం. చుక్కాని తిప్పడానికి చక్రం లేదు. చుక్కాని పిడికి తగిలించిన నిలువు కర్ర, విప్‌స్టాఫ్, ఉంది. దాన్ని పక్కకు తోస్తే చుక్కాని కొద్ది డిగ్రీలే తిరుగుతుంది. పెద్ద మలుపుకు తెరచాపలు సర్దాల్సిందే. లోపల నిలబడ్డవాడికి ముందున్న సముద్రం కనబడదు, పైనుంచి వచ్చే కేకే ఆధారం. అప్పట్లో కుడి పక్క స్టార్‌బోర్డ్, ఎడమ పక్క లార్‌బోర్డ్. గాలి హోరులో రెండూ ఒకేలా వినిపిస్తాయి. బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్ట్ అనే మాటను ఖాయం చేసింది. పాత పడవలకు చుక్కాని తెడ్డు కుడివైపు ఉండేది, స్టార్‌బోర్డ్ అంటే అదే: చుక్కాని పక్క. అది నలగకుండా ఎడమ పక్కను రేవుకు, అంటే పోర్ట్‌కు, ఆనించేవారు.

వేగం చెప్పే నాట్ (గంటకు ఒక సముద్రపు మైలు) నిజంగా తాడుకు వేసిన ముడే. చెక్క ముక్క కట్టిన తాడును ఓడ వెనక నుంచి వదలాలి. చెక్క ఓడ వెనక నీటి సుడిని దాటేదాకా జారిన తాడు లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఇసుక గడియారం తిరగేసి, అది ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టాలి. తర్వాతి కాలంలో కుదిరిన కొలత 28 సెకన్ల గడియారానికి ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. అంతకుముందు, మైలంటే 5,000 అడుగులనుకుని, 30 సెకన్లకు 42 అడుగులకో ముడి వేసేవారు. సముద్రపు మైలు నిజానికి అంతకంటే పొడవు, దాంతో ఓడ ఉన్నచోటు కంటే ముందున్నట్టు లెక్క తేలేది. ఇసుక చెమ్మగిల్లి నెమ్మదిస్తే వేగం ఎక్కువ చూపిస్తుంది. తాడు సాగితే తక్కువ.

లోతుకు ఫాదమ్, 6 అడుగులు. మన జాలర్ల బార ఇదే, కొత్త మాట వెతకనక్కర్లేదు. సీసపు గుండు కట్టిన తాడుకు 2 బారల దగ్గర రెండు తోలు పీలికలు, 3 దగ్గర మూడు, 5కు తెల్లగుడ్డ, 7కు ఎర్రగుడ్డ. గుడ్డలు వేర్వేరు నేతవి, చీకట్లో వేలితో తడిమి చెప్పడానికి. గుండు అడుగు గుంటలో కొవ్వు నింపితే ఇసుకో గవ్వముక్కో అంటుకొచ్చి కింద నేల ఎలాంటిదో చెబుతుంది.

‘అవాస్ట్’ అంటే ఆపు, డచ్చి నుంచి వచ్చింది. లంగరు ఎత్తేటప్పుడు ఆ కేకకు ఒక్కడు ఆగకపోయినా తాడు మధ్య వేళ్లు నలుగుతాయి. సముద్రపు దొంగల అరుపుగా చెప్పుకునే ‘ఆర్ర్’ మాత్రం 1950 నాటి ‘ట్రెజర్ ఐలండ్’ సినిమాలో దొంగ వేషం కట్టిన నటుడు రాబర్ట్ న్యూటన్ యాసతో పాకింది. అది ఇంగ్లండ్ నైరుతి సీమ పలుకు. డ్రేక్ పుట్టిన డెవన్ కూడా ఆ సీమలోదే.