యార్క్ స్టేషన్ పక్కన ఒక పాత హోటలు, మా నాన్న లైన్ బాక్సు

మా నాన్న ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో గార్డుగా చేశారు. ఎక్కువ కాలం విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ మధ్యే తిరిగారు. రిటైరయ్యాక అమ్మా ఆయనా మొదటిసారి ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, లండన్ తీసుకెళ్తానంటే పెద్దగా ఉత్సాహం చూపించలేదు. "యార్క్‌లో రైల్వే మ్యూజియం ఉందటగా, అక్కడికెళ్దాం ముందు" అన్నారు. లండన్ కోసం సెలవు పెట్టి కూర్చున్న నేను సరేననక తప్పలేదు.

బయల్దేరే ముందే చెప్పాను, మ్యూజియం చూశాక స్టేషన్ పక్కనే 1878 నాటి హోటలుంది, అక్కడ టీ తాగుదామని. "నూట యాభై ఏళ్ళ హోటలా? ఇడ్లీ దోసెలుంటాయా?" అంది అమ్మ, సీరియస్‌గానే. మన దగ్గర హోటలంటే టిఫిన్ చేసే చోటు, గది తీసుకుని పడుకునేది లాడ్జి. ఈ ఊరికొచ్చిన కొత్తలో నాకూ ఈ తికమక ఉండేది. అయినా అమ్మ పులిహోర కట్టింది, మంచిదయ్యింది.

లీడ్స్ నుంచి యార్క్ రైల్లో అరగంట కూడా పట్టదు. మేం ఎక్కాల్సిన రైలు ఆ పూట క్యాన్సిల్. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, స్క్రీన్ మీద ఒక సారీ మాత్రం తిరుగుతోంది. ప్లాట్‌ఫారం మీద నలభై నిమిషాలు నిలబడ్డాం. "మాకైతే ఈపాటికి ఎక్స్‌ప్లనేషన్ అడిగేవారు" అని నాన్న రెండుసార్లు అన్నారు. రెండోసారి కాస్త సంతోషంగానే అన్నారనిపించింది.

మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. టికెట్ లేదు, ఇంజన్లు బోలెడున్నాయి, 1938లో గంటకి 126 మైళ్ళు పరిగెత్తి ఆవిరి ఇంజన్లలో రికార్డు కొట్టిన మల్లార్డ్ అక్కడే ఉంది. నాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. అమ్మ బెంచీ మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంది. రెండు గంటలు.

బయటకొచ్చి స్టేషన్ వైపు నడుస్తుంటే హోటలు కనపడింది. లేత పసుపు ఇటుకల కట్టడం, ఐదంతస్తులు. స్టేషనుకి దాదాపు ఆనుకునే ఉంటుంది. ముందు పెద్ద తోట, ఆ పైన ఊరి కోటగోడ, ఇంకా పైన మిన్‌స్టర్ చర్చి బురుజులు. నేను ఫోటో తీస్తుంటే నాన్న రోడ్డు మధ్యలో నిలబడిపోయి స్టేషన్ వంకా హోటల్ వంకా మార్చి మార్చి చూశారు. "ఇది విడిగా కట్టింది కాదురా. స్టేషన్లో ముక్కే ఇది" అన్నారు.

నిజమే. స్టేషన్ కట్టిన నార్త్ ఈస్టర్న్ రైల్వే కంపెనీయే హోటలూ కట్టింది. స్టేషన్ 1877 జూన్ 25న తెరిచారు, హోటల్ ఆ మరుసటి ఏడాది. డిజైన్ చేసిన విలియం పీచీ ఆ రైల్వే ఆర్కిటెక్టే, స్టేషన్ పనిలోనూ ఆయన చెయ్యుంది. అంతకుముందు సాల్ట్‌బర్న్ అనే సముద్రపు ఊళ్ళో జెట్‌లాండ్ హోటల్ కూడా రైల్వే కోసం ఆయనే కట్టాడు. ఈ యార్క్ హోటల్లో మొదట వంద గదులుండేవి. రాత్రికి సుమారు 14 షిల్లింగులు, అంటే ఇప్పటి లెక్కలో 70 పెన్నీలు. 1896లో ఇంకో 27 గదులు కలిపారు. అవి కెనడాలో క్లోండైక్ అనే చోట బంగారం దొరికి జనం ఎగబడుతున్న రోజులు, అందుకని ఆ కొత్త భాగానికి క్లోండైక్ అనే పేరు పడిపోయింది. ఇది చెప్తే నాన్న వెంటనే "అయితే మన గోదావరి మీద హేవ్‌లాక్ బ్రిడ్జి పని మొదలైన రోజులే" అన్నారు. ఆ బ్రిడ్జి పని 1897లో మొదలైంది, 1900లో రైళ్ళు నడిచాయి. ఆయనకి ఏ తేదీ చెప్పినా గోదావరి దగ్గరికి తీసుకెళ్ళి కట్టేస్తారు.

టీకి ఇంకా టైముంది, ముందు పాత స్టేషన్ చూద్దామని రోడ్డు దాటాం. అసలు కథంతా అక్కడే ఉంది.

యార్క్ మొదటి పెద్ద స్టేషన్ 1841లో కోటగోడ లోపల కట్టారు. లోపలికి రైలు రావాలంటే గోడ అడ్డం, అందుకని గోడకే తోరణాల్లాగా కన్నాలు పెట్టి పట్టాలు లోపలికి వేశారు. ఆ తోరణాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి కింద కార్లు తిరుగుతుంటాయి, పైన జనం గోడ మీద నడుస్తుంటారు. చిక్కేమిటంటే అది టెర్మినస్. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళే రైలు లోపలికొచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి బయటికి పోవాలి. ఇది వివరించడానికి నేను చేతులు తిప్పుతుంటే నాన్న మధ్యలోనే అందుకున్నారు. "వైజాగ్ లాగేగా! హౌరా నుంచి వచ్చిన బండి మొహం తిప్పుకుని మద్రాసు పోవాలి, ఇటు ఇంజన్ విప్పి అటు తగిలించాలి. ఎన్ని రాత్రులు నిలబడ్డానురా అక్కడ." అంతే, ఇక నేను చెప్పడం మానేశాను, ఆయనే నాకు చెప్పడం మొదలెట్టారు. రైళ్ళు పెరిగేకొద్దీ ఆ తిప్పుడుకి ఎంత టైము పోతుందో, లైను ఎలా బ్లాకైపోతుందో. చివరికి యార్క్ వాళ్ళూ అదే లెక్క వేసుకుని గోడ బయట, వంపు తిరిగిన పట్టాల మీద కొత్త స్టేషన్ కట్టుకున్నారు. ఎనిమిది వందల అడుగుల పొడుగు, 234 అడుగుల వెడల్పు కప్పు, 13 ప్లాట్‌ఫారాలు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద స్టేషన్ అన్నారు దాన్ని.

పాత స్టేషన్‌కి కూడా 1853లో ఒక హోటల్ తగిలించారు. ఇప్పుడా కట్టడాలన్నీ కలిపి ఊరి కౌన్సిల్ ఆఫీసు. ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు ఒకప్పటి ప్లాట్‌ఫారం మీద నిలబడుతున్నారన్నమాట. 1854లో విక్టోరియా రాణి స్కాట్లాండ్ వెళ్తూ దిగి ఆ పాత హోటల్లో భోంచేసింది, దాంతో హోటల్ పేరు ముందు రాయల్ చేరింది. ఆ తర్వాత స్టేషన్‌తో పాటు పేరూ గోడ దాటి ఇటు వచ్చేసింది, రాయల్ స్టేషన్ హోటల్ అని. రాణిగారికి భోజనం బిల్లు చేతికిచ్చారట, ఆవిడకి కోపమొచ్చి మళ్ళీ జన్మలో యార్క్‌లో కాలు పెట్టలేదట. ఇది ఊళ్ళో చెప్పుకునే కథ. అమ్మ మాత్రం పూర్తిగా నమ్మేసింది. "ఇంటికొచ్చిన మనిషిని డబ్బులడుగుతారా ఎవరైనా!"

గోడ బయట, స్టేషన్ దారిలో తెల్లరాతి విగ్రహం ఒకటుంది. జార్జ్ లీమన్ అనే లాయరు, 1885లో పెట్టారు. ఈ లీమన్ కథ కావాలంటే ముందు జార్జ్ హడ్సన్ కథ తెలియాలి. హడ్సన్ యార్క్‌లో బట్టల కొట్టు నడిపిన మనిషి, ఒక ముసలి బంధువు పోయి ముప్పై వేల పౌన్ల ఆస్తి కలిసొచ్చింది. దాంతో రైల్వేల్లోకి దిగి, ఊరికి రైలు తెచ్చి, మూడుసార్లు లార్డ్ మేయరయ్యి, దేశమంతా రైల్వే రాజు అనిపించుకున్నాడు. 1849లో లెక్కలు తీస్తే బండారం బయటపడింది. లాభం రాకపోయినా మదుపు డబ్బే తీసి డివిడెండ్లుగా పంచాడని తేలింది. ఆ లెక్కలు తీయించినవాళ్ళలో ముందున్నవాడు లీమన్. హోటల్ తెరిచేనాటికి రైల్వే కంపెనీ ఛైర్మన్ కూడా ఆయనే. హడ్సన్ బండారం బయటపడ్డాక ఆయన పేరున్న వీధికి రైల్వే వీధి అని మార్చి పారేశారు. 1971లో మళ్ళీ జార్జ్ హడ్సన్ వీధి అని పెట్టారు. నూట ఇరవై ఏళ్ళు పట్టింది ఊరి కోపం చల్లారడానికి. ఇంకో పుకారు కూడా ఉంది, ఆ విగ్రహం మొదట హడ్సన్ కోసమే చెక్కుతున్నారని, తర్వాత తలకాయ మార్చి లీమన్ని చేశారని. అది నిజం కాకపోయినా నాకు నచ్చింది. మన ఊళ్ళలో శిలాఫలకాల మీద పేర్లు చెక్కేసి కొత్తవి రాయడం చూస్తూ పెరిగినవాళ్ళం కదా.

ఆకలేసింది. హోటల్ ఎదురుగా రోడ్డవతల గోడ పక్కన పచ్చిక, చెట్లు. పులిహోర డబ్బా తీసి కూర్చోబోతుంటే అమ్మ ఆ రాళ్ళేంటని అడిగింది. నిలబెట్టిన పాత రాళ్ళు కొన్ని, అరిగిపోయిన అక్షరాలు. 1832లో కలరా వచ్చి ఊళ్ళో 185 మంది చనిపోతే, వాళ్ళని పూడ్చడానికి గోడ బయట తీసుకున్న స్థలం అది. అప్పటికి రైలూ లేదు, హోటలూ లేదు. మాటలు పూర్తవకముందే అమ్మ డబ్బా మూసేసి లేచి నిలబడింది. అక్కణ్ణించి దూరంగా, రాళ్ళు కనపడనంత దూరంలో బెంచీ వెతుక్కుని తిన్నాం. తర్వాత నేను మాత్రం వెనక్కెళ్ళి ఒక రాయి దగ్గర వంగి చూశాను. పేరు చదవలేకపోయాను, నాచు పట్టేసింది. తలెత్తితే హోటల్ కిటికీలు. వంద గదుల హోటలు కట్టి, ఎదురుగా ఈ రాళ్ళని అలాగే ఉంచారే అనిపించింది. పీకేసి గార్డెన్ చెయ్యడం ఎంతసేపు?

టీకి లోపలికెళ్ళాం. ఎత్తు సీలింగు, వెడల్పాటి మెట్లు, ఇనప రెయిలింగు. నాన్న మెనూ తెరిచి, పౌన్లని రూపాయల్లోకి మార్చుకుని, మూసేసి నా చేతికిచ్చారు. ఒక టీ, ఒక కాఫీ, అమ్మకి వేడినీళ్ళు. వెయిటర్ కుర్రాడు అమ్మకి నీళ్ళలో నిమ్మకాయ ముక్క వేసి తెచ్చాడు, బిల్లులో వెయ్యలేదు. రాణిగారికంటే అమ్మకే మర్యాద జరిగింది.

అక్కడ కూర్చుని నాన్న అడిగారు, రైల్వేవాళ్ళు అసలు హోటలెందుకు నడిపారని. ఆ రోజుల్లో రైల్లో వంటగది లేదు, బోగీకి బోగీకి దారి లేదు. లండన్‌లో పొద్దున్న పదింటికి బయల్దేరిన స్కాట్లాండ్ ఎక్స్‌ప్రెస్ పదిన్నర గంటలు నడిచేది, మధ్యలో యార్క్‌లో అరగంట ఆపి అందరినీ భోజనానికి దింపేవారు. ఆ అరగంటలోనే తినాలి, ఎక్కాలి. 1900లో డైనింగ్ కారు వచ్చాక ఆ తొందర పోయింది. "విజయవాడలో ఇప్పటికీ అదే పని, జనం పొట్లాల కోసం దూకుతారు, నేను జెండా పట్టుకుని వాళ్ళ వంక చూస్తూ ఉండేవాణ్ణి" అన్నారు నాన్న. 1948లో రైళ్ళతో పాటు ఈ హోటళ్ళూ ప్రభుత్వం చేతిలోకెళ్ళాయి, 1980ల్లో విడదీసి అమ్మేశారు. అప్పటి నుంచి దీనికి పేర్లు మారుతూనే ఉన్నాయి. రాయల్ యార్క్, ప్రిన్సిపల్ యార్క్, ఇప్పుడు ది మిల్నర్ యార్క్.

మిల్నర్ ఎవరో, ఏ లార్డో అనుకున్నారు నాన్న. కాదు. స్టేషన్ ఫోర్‌మన్.

1942 ఏప్రిల్ 29 తెల్లవారుజామున జర్మన్ విమానాలు యార్క్ మీద బాంబులు వేశాయి. ఎడిన్‌బరో వెళ్ళాల్సిన రైలు ప్లాట్‌ఫారం మీదుంది, జనంతో. కప్పు అంటుకుంది. డ్యూటీలో ఉన్న విలియం మిల్నర్ ఫస్ట్ ఎయిడ్ సామాను తేవడానికి మండుతున్న ఆఫీసులోకి వెళ్ళాడు, బయటికి రాలేదు. స్టేషన్లో ఆయన పేరుతో ఒక ఫలకం ఉంది. తిరుగు రైలుకి వెళ్తూ అది వెతికి చూపించాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చాలాసేపటి దాకా ఏమీ అనలేదు. తర్వాత ప్లాట్‌ఫారం మీద నడుస్తూ చెప్పారు. గార్డు డ్యూటీకి వెంట తీసుకెళ్ళే సామాన్ల పెట్టె, అదే లైన్ బాక్సు. అందులో రెండు జెండాలు, డిటొనేటర్లు (ప్రమాదం ఉంటే హెచ్చరికగా పట్టాల మీద పేల్చేవి), టెయిల్ ల్యాంపు, వాటితో పాటు ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండేదట. దానికి సీలు. సీలు సరిగ్గా ఉందని చూసుకుని డ్యూటీ ఎక్కడం, దిగాక అప్పజెప్పడం. సర్వీసు మొత్తం మీద ఒక్కసారే సీలు తెంపారట. తుని దాటాక, రాత్రి, తలుపులో చెయ్యి నలిగిన ఒక ఆడమనిషికి. దూది చుడుతుంటే ఆవిడ ఏడవకుండా ఆయన్నే చూస్తూ ఉందట. "అన్నవరంలో డాక్టరు ఎక్కాడు. ఆ తర్వాత ఏమైందో తెలీదు. సీలు తెంపినందుకు కాయితం రాసిచ్చాను."

ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ వంక చూశాను. ఆవిడకీ తెలియదని మొహం చూస్తే అర్థమైంది.

లీడ్స్ రైలు ఈసారి టైముకే వచ్చింది. నాన్న వాచీ చూసుకుని, రెండు నిమిషాలు లేటన్నారు.