కోపం, కటాక్షం

బైబిల్లోని సామెతల గ్రంథం 19వ అధ్యాయం 12వ వచనం రాజు కోపాన్ని సింహగర్జనతోనూ, అతని కటాక్షాన్ని గడ్డిమీద కురిసే మంచుతోనూ పోలుస్తుంది. వేసవిలో దాదాపు వాన పడని పాలస్తీనాలో ఆ మంచు పైరుకు ఎంత ఆధారమో తెలిసినవారికి, పై అధికారి దయ మీద ఎన్ని బతుకులు నిలుస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

పర్లాకిమిడిలో నేను లెక్కలు రాసే దుకాణంలో, సరుకు లారీ ఆలస్యమైందని యజమాని అందరి ముందూ హమాలీల మీద విరుచుకుపడ్డారు. తెలుగు, ఒడియా రెండూ అంతంతమాత్రంగా వచ్చిన ఒక సవర కుర్రవాడు పని మానేసి వెళ్ళబోయాడు. ఏలువాడు కోపపడినప్పుడు నీ ఉద్యోగం నుండి తొలగిపోవద్దన్న బైబిల్లోని ప్రసంగి గ్రంథం 10:4 వచనం గుర్తుకు వచ్చి, అతణ్ణి ఆపి, యజమాని శాంతించాక లారీ ఎందుకు ఆగిందో నెమ్మదిగా వివరించాను. ఆయన ఆ కుర్రవాణ్ణి పేరు పెట్టి పిలిచి మాట్లాడారు.

అన్యాయాన్ని మౌనంగా భరించమని ఆ వచనం చెప్పడం లేదనే నా నమ్మకం, ఎందుకంటే ఆ వెంటనే వచ్చే వచనం అధిపతి వల్ల జరిగే పొరపాటును దుష్కార్యమనే అంటుంది.

అడ్వాన్సు కోసం వచ్చే కూలీకి ముందుగా కనబడేది నా ముఖమే. దానిని ప్రసన్నంగా ఉంచమని రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను.