డా నాంగ్ నుంచి సొన్ మీ, మధ్యలో బాబాయి

వియత్నాంలో డా నాంగ్ దగ్గరున్న బానా హిల్స్‌కి టికెట్టు మనిషికి తొమ్మిది లక్షల డాంగ్ పైమాటే. మన లెక్కలో మూడు వేలు. రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టుండే వంతెన మీద నిలబడి ఫొటో దిగడానికి మూడు వేలా అని నేను గొణుగుతుంటే, “దానికే కదండీ ఇంత దూరం వచ్చింది” అన్నారు మా గ్రూపులో ఒకాయన. నిజమే. 25 డాలర్లు కడితే ఇంట్లో కూర్చుండగానే వీసా వచ్చేస్తోంది కాబట్టి, వియత్నాం ఇప్పుడు మనవాళ్ళకి ఊటీ అయిపోయింది. హనోయ్‌లో పప్పుచారు దొరికింది. హాలాంగ్ పడవలో మన సినిమా పాటలే మోగాయి. ఆ నాలుగు రోజుల గురించి అందరూ రాస్తున్నారు, నేను రాయను.

డా నాంగ్‌లో ఒక రోజు ‘ఫ్రీ డే’ ఇచ్చారు. మైలాయ్ వెళ్తున్నాను, కారులో చోటుంది అని గ్రూపు వాట్సాప్‌లో పెట్టాను. “అక్కడేముంది?” అని ఒకరు. ఏముందో రాశాను: 1968 మార్చి 16, అమెరికా సైన్యం, ఒక ఊరు, 504 మంది. ఒక దణ్ణం బొమ్మ వచ్చింది. వెంటనే పక్క ఊరు హోయి ఆన్‌లో సూటు ఎంతకి కుడతారన్న చర్చ మొదలైంది. పిన్ని కూడా అటే మొగ్గింది. చివరికి నాతో వచ్చింది బాబాయి ఒక్కడే. అదీ, “బట్టల కొట్లో కూర్చోలేనురా” అని.

మాది మిలటరీ మాధవరం. తాడేపల్లిగూడెం పక్కన. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకణ్ణి పటాలానికి పంపిన ఊరు. మా నాన్న తప్పించుకుని గూడెంలో మేష్టారయ్యాడు, బాబాయి తప్పించుకోలేదు. ఇరవై నాలుగేళ్ళు చేసి హవల్దారుగా దిగాడు. ఎక్కడెక్కడ పనిచేశాడో ఊళ్ళ పేర్లు చెబుతాడు, అక్కడి చలి సంగతి చెబుతాడు, లంగర్‌లో, అంటే సైన్యం వంటశాలలో, రొట్టెల సంగతి చెబుతాడు. అంతకు మించి ఎవరడిగినా, “ఆ, ఏముందిలే, డ్యూటీ” అంటాడు. చిన్నప్పుడు మేం పిల్లలం ఆయన ట్రంకు పెట్టె చుట్టూ చేరి “ఎంతమందిని చంపావు బాబాయ్” అని అడిగేవాళ్ళం. పెట్టె మూసేసి బయటికి పొమ్మనేవాడు.

కారు ఇరవై ఐదు లక్షల డాంగ్‌కి కుదిరింది. ఎనిమిది వేల పైచిలుకు రూపాయలు. ఎన్నిసార్లు మార్చి చూసుకున్నా లక్షల్లో బేరమాడుతుంటే గుండె ఒకసారి ఆగుతుంది. డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు. “మైలాయ్” అంటే తెల్లమొహం వేశాడు. నాలుగు రకాలుగా పలికాను. చివరికి ఫోన్లో ఊరి ఫొటో చూపిస్తే, “ఓ, సొన్ మీ!” అన్నాడు. అక్కడివాళ్ళకి ఆ ఊరు సొన్ మీ. మైలాయ్ అన్నది అమెరికా సైన్యం మ్యాపులో పేరు. అదీ ఉత్త మైలాయ్ కాదు, ‘మైలాయ్ 4’. ఆ ప్రాంతం మొత్తాన్నీ సైనికులు ‘పింక్‌విల్’ అనేవాళ్ళు, మ్యాపులో దానికి వేసిన రంగుని బట్టి.

కుర్రాడి ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంది. వాడు వియత్నామీలో మాట్లాడితే ఒక ఆడగొంతు తెలుగులో, రేడియో వార్తల్లాగా, అప్పజెబుతుంది. బయల్దేరగానే ఆ గొంతు అడిగిన మొదటి ప్రశ్న, “మీరు మరణించిన ప్రజలను చూచుటకు వెళ్ళుచున్నారా?”

బాబాయి నవ్వాడు. “చూచుటకేనంట చెప్పు.”

రెండో ప్రశ్న, “ఈ వృద్ధుడు సైనికుడా?” ఆ కటింగు చూస్తే ఎవరైనా అడుగుతారు. నేను అవుననబోయాను. బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“కాదని చెప్పు.”

“ఎందుకు బాబాయ్, మనమేమన్నా...”

“కాదని చెప్పరా.”

రైతని చెప్పాను. అబద్ధమేమీ కాదు, మూడెకరాలున్నాయి.

ఎక్స్‌ప్రెస్ వే మీద రెండు గంటలు నాకు గుర్తే లేవు. క్వాంగ్ న్గాయ్ దాటి పల్లెల్లోకి దిగాక మాత్రం ఇద్దరం అద్దాలు దించేశాం. ఏప్రిల్ ఆఖరు. మన దాళ్వా మాసూళ్ళ రోజులే వాళ్ళకీ. రోడ్డు సగానికి వడ్లు ఎండబోసి ఉన్నాయి, పక్కన కొబ్బరిచెట్లు. శంకులాంటి టోపీ పెట్టుకున్న ఒక ముసలమ్మ వడ్లలో కాళ్ళు ఈడుస్తూ, చాళ్ళు తీస్తూ నడుస్తోంది. అచ్చం మా నాయనమ్మ నడక. బాబాయి కారు ఆపించి దిగాడు. నాలుగు గింజలు తీసి పంటికింద పెట్టి కొరికాడు. “ఇంకో ఎండ కావాలి” అన్నాడు. ఆవిడకి ఏమర్థమైందో, తలూపింది.

సొన్ మీలో స్మారకం ఒక తోటలా ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు మేం కాక ఇంకో నలుగురు. కాలిపోయిన ఇళ్ళ పునాదులు అలాగే ఉంచారు. ఒక్కో పునాది ముందు ఒక రాయి, ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో పేర్లు, వయసులు. ఇళ్ళ మధ్య మట్టి దారుల్ని సిమెంటుతో పోసి, బురదలో పడ్డట్టు అడుగుల అచ్చులు వేశారు. చెప్పుల్లేని కాళ్ళు, పిల్లల కాళ్ళు, సైకిలు టైరు గీత. వాటి మీదుగా బూట్ల అచ్చులు. నేను ఫొటో తీస్తూ మధ్యలోంచి నడిచేశాను. వెనక్కి చూస్తే బాబాయి దారి దిగి గడ్డిలో నడుస్తున్నాడు. మధ్యలో ఆగి, వంగి, ఒక బూటు అచ్చు పక్కన తన చెప్పు పెట్టి చూసుకున్నాడు. మళ్ళీ గడ్డిలోకి దిగాడు.

మ్యూజియంలో నల్లరాతి మీద 504 పేర్లు. ఆడవాళ్ళు 182 మంది, వాళ్ళలో 17 మంది కడుపుతో ఉన్నవాళ్ళు. పిల్లలు 173. అమెరికా సైన్యం తన లెక్క 347 అంది. రాయి ముందు బాబాయి చాలాసేపు నిలబడ్డాడు. భాష రాకపోయినా వయసుల అంకెలు చదవొచ్చు కదా. మా ఊళ్ళో కూడా స్తూపం ఉంది. దాన్ని చూస్తూ పెరిగాం, బడి పిల్లల్ని తీసుకెళ్ళి దండలు వేయిస్తారు. అది సిపాయిల కోసం కట్టింది. ఇక్కడ 1, 3, 2, 70, 5.

ఆ గోడల మీది ఫొటోలు తీసింది రాన్ హేబర్లీ అనే సైనిక ఫొటోగ్రాఫరే. సైన్యం ఇచ్చిన కెమెరాలో నలుపు తెలుపు తీసి అప్పజెప్పాడు. సొంత కెమెరాలో తీసిన రంగుల ఫొటోలు తనతో ఇంటికి పట్టుకెళ్ళాడు. 1969 నవంబరులో అవి పేపర్లో పడ్డాకే ప్రపంచం నమ్మింది. ఒకదాంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక ఒకమ్మాయి, చంకలో పిల్లాడు, జాకెట్టు గుండీ పెట్టుకుంటోంది. ఫొటో తీసిన కొద్ది క్షణాలకే వాళ్ళని కాల్చేశారు.

“తీసినోడు ఆపలేదా?” అన్నాడు బాబాయి.

“లేదు.”

“గుండీ పెట్టుకుంటోందిరా.”

నాకు తెలిసింది చెబుతూ పోయాను, ఆయన వింటూ నడిచాడు. శత్రు బెటాలియను ఆ ఊళ్ళోనే ఉంది, మామూలు జనం పొద్దున్న ఏడింటికల్లా బజారుకి వెళ్ళిపోతారు, మిగిలినవాళ్ళందరూ శత్రువులే. ఆ ఊరి మీదికి వెళ్ళిన అమెరికా దళం చార్లీ కంపెనీకి ముందురోజు చెప్పింది ఇది. వెళ్ళాక ఎదురు ఒక్క తూటా రాలేదు. దొరికిన తుపాకులు మూడు. పైకి పంపిన రిపోర్టులో మాత్రం 128 మంది శత్రువులు హతం. ఆ యుద్ధంలో గెలుపుని శవాల లెక్కతోనే కొలిచారు. కొన్ని ప్రాంతాలకి ‘ఫ్రీ ఫైర్ జోన్’ అని పేరు పెట్టి, ఖాళీ చేయమని కాగితాలు చల్లి, వెళ్ళని వాళ్ళని శత్రువుల కింద కట్టేవాళ్ళు. 1971లో డెట్రాయిట్‌లో వందకి పైగా మాజీ సైనికులు మూడు రోజులపాటు కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు మైకులో చెప్పింది కూడా ఇదే, మైలాయ్ ఒక్కటే కాదని.

“వాళ్ళకి జేబులో రూల్స్ కార్డు ఉండేది బాబాయ్. జనంతో మర్యాదగా ఉండాలి, ఆడవాళ్ళని గౌరవించాలి అని.”

“కార్డు మాకూ ఇచ్చేవాళ్ళు.” కొంచెం ఆగి అన్నాడు. “ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా కాల్చమని ఆఫీసరు చెప్పాడా?”

అక్కడే చిక్కుంది. ఆ కంపెనీని నడిపిన కెప్టెన్ మెడీనా అలా చెప్పాడని కొందరు సైనికులు సాక్ష్యమిచ్చారు, అలా అనలేదని కొందరు. ఆయన తాను చెప్పలేదనే అన్నాడు, నిర్దోషిగా బయటపడ్డాడు. శిక్ష పడింది ఆయన కింద పనిచేసిన లెఫ్టినెంట్ కాలీ ఒక్కడికే. 22 మందిని చంపినందుకు యావజ్జీవం, అది తగ్గుతూ తగ్గుతూ వచ్చి మూడున్నరేళ్ళ గృహనిర్బంధం దగ్గర ఆగింది.

“రాసిచ్చిన ఆర్డరు అయితే కాగితం ఉంటది,” అన్నాడు బాబాయి. “నోటితో అన్నదానికి ఎవడు ఎలా విన్నాడో అదే ఆర్డరు. ఆ ముందురోజు వాళ్ళోడు ఎవడన్నా పోయాడా?”

నేను ఆయన మొహం చూశాను. పోయాడు. రెండు రోజుల ముందు ఒక సార్జెంటు, మందుపాతరకి. ముందురోజు అతనికి నివాళి చెప్పి, ఆ సాయంత్రమే మర్నాటి పని చెప్పారు. నేను పుస్తకాల్లో చదివిందాన్ని ఈయన ఎలా అడిగాడో నేను అడగలేదు.

ఆ కంపెనీలో సైనికుడు పాల్ మీడ్లో సంగతి కూడా చెప్పాను. పొలాల ప్రాంతం కుర్రాడు. మర్నాడే మైన్ మీద కాలుపెట్టి పాదం పోగొట్టుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత అమెరికా టీవీలో కూర్చుని తాను ఏం చేశాడో చెప్పాడు. పసిపిల్లల్ని కూడానా అని అడిగితే, పసిపిల్లల్ని కూడా అన్నాడు. బాబాయి ఏమీ అనలేదు. హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ దగ్గర మాత్రం ఆగాడు. సైనికులకీ జనానికీ మధ్య హెలికాప్టర్ దింపి, వాళ్ళు జనం మీద కాలిస్తే మీరు వాళ్ళ మీద కాల్చండని తనతో ఉన్న ఇద్దరికి చెప్పినవాడు.

“ఇతన్నేం చేశారు?”

“మొదట ద్రోహి అన్నారు. 1998లో మెడల్ ఇచ్చారు.”

“ముప్పై ఏళ్ళా! మన పింఛను ఫైలు కూడా అంత లేటవదు.”

కాలవ దగ్గరికి చివర్లో వెళ్ళాం. 170 మందిని దింపి కాల్చిన చోటు. మా చేలకి నీళ్ళు పారే బోదె అంత ఉంది, అంతకన్నా వెడల్పు లేదు. దాన్ని చూసి నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. పొద్దున్న సూట్ల గురించి మాట్లాడినవాళ్ళ మీద కూడా వచ్చింది, అది అన్యాయం. తిరిగి కారు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

డ్రైవరు మమ్మల్ని చూసి ఫోన్లో ఏదో అన్నాడు. “తినుట” అంది ఆడగొంతు. ట్రా ఖుక్ నది దగ్గర ఒక హోటల్లో ఆపాడు. క్వాంగ్ న్గాయ్‌లో పేరున్న వంటకమట, మట్టి మూకుట్లో దగ్గరగా ఇగిర్చిన చిన్న చేపలు. మూత తీయగానే బాబాయి, “ఇసుక దొందులు!” అన్నాడు. నిజంగా అవే జాతి. గోదావరి దొందుల ఇగురులో చింతపండు మానేసి, కొంచెం బెల్లం వేసి, మిరియం దంచితే ఎలా ఉంటుందో అలా ఉంది. ధర కూడా మర్యాదగానే ఉంది, ఈ ట్రిప్పు మొత్తంలో మొదటిసారి.

రెండు ముద్దలయ్యాక అడిగాడు. “ఈ సంగతి మొదట బయటపెట్టి ఉత్తరం రాసినోడు, ఆ రోజు అక్కడ లేడన్నావు కదా. మరెలా తెలిసింది?”

అడిగింది రాన్ రైడెనావర్ అనే సైనికుడి గురించి. “తెలిసిన సైనికులు చెప్పారు బాబాయ్. ఒకరి తర్వాత ఒకరు. ఏడాదిపాటు అందరినీ అడిగి పోగుచేసి, అప్పుడు పెద్దవాళ్ళందరికీ రాశాడు.”

“అడిగితే చెప్పారా?”

“చెప్పారు.”

ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. ఇంకో ముల్లు తీశాడు. తర్వాత గడ్డంతో డ్రైవరు వైపు చూపించాడు.

“వాడికి చెప్పు. సైనికుణ్ణే అని చెప్పు. పొద్దున్న అబద్ధమాడానని.”

నేను ఫోన్లో చెప్పాను. ఆడగొంతు వాళ్ళ భాషలో చదివింది. కుర్రాడు బాబాయి వంక చూశాడు, ఏదో రెండు మాటలు అని, మూకుడు ఆయన వైపు జరిపాడు.

“చేప చల్లారిపోవుచున్నది” అంది ఫోను.