ఇంకా ఏం చూశావు?

మా బడి సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పటి నుంచి మిగతా జ్ఞాపకాలను పక్కకు తోసి ఒక్క మాటే ముందుకు వస్తోంది. మా సాంఘిక శాస్త్రం సారు తరగతిలో మాటిమాటికీ అనేవారు, "ఇంకా ఏం చూశావు?" అని.

మిగతా సార్లు ప్రశ్న వేసి, మనం నోరు తెరిచేలోపే పక్కవాడిని లేపేవారు. ఈయన ప్రశ్న వేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవారు. ఆ నిశ్శబ్దం భరించలేక వెనక బెంచీవాడు కూడా ఏదో ఒకటి చెప్పేవాడు. తప్పు చెప్పినా తిట్టేవారు కాదు, మళ్లీ అదే మాట. ఉద్యోగంలో చేరాక ఒక శిక్షణలో మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యావేత్త గురించి విన్నాను. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని ఆమె 1970ల్లో గమనించారు. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లలు మరింత వివరంగా జవాబు చెబుతారు, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారు, ఎదురు ప్రశ్నలు పెరుగుతాయి. మా సారు ఆమె పేరు విని ఉండరు. మూడు సెకన్లతో ఆయనకు సరిపోయేదీ కాదు.

పదో తరగతిలో రామప్ప గుడికి తీసుకెళ్లారు. చెట్టు కింద కూర్చోబెట్టి, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని గబగబా చెప్పేశారు. "ఇదంతా పుస్తకంలో ఉంది. ఇప్పుడు గుడంతా తిరిగి, నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి తీసుకురండి" అన్నారు. సారుకే తెలియనిదా! ఎగబడి తిరిగాం. మేం తెచ్చినవన్నీ స్తంభాలెన్ని, నంది బరువెంత లాంటివే. ఒక అమ్మాయి మాత్రం, "సార్, గుడి ఇటుకను నీళ్లలో వేసి చూడాలని మొదట ఎవరికి తోచింది?" అంది. సారు చాలాసేపు ఆలోచించి, "నాకు తెలియదమ్మా" అన్నారు. ఆ మాటను అంత సంబరంగా చెప్పిన పెద్దమనిషి నాకు మళ్లీ తగల్లేదు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అందరూ ఫొటోలు పెడుతుంటే, ఎవరో ఆ ప్రశ్నను గుర్తు చేశారు. జవాబు ఇప్పటికీ రాలేదు.

నేను వ్యవసాయ శాఖలో చేరాను. మా ఉద్యోగం సలహాలు ఇవ్వడం అని పైకి అంటారు కానీ, సగం పని అడగడమే. 2021 వానాకాలం మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. నర్సంపేట వైపు ఒక చేనుకు వెళ్లాం. మాతో వచ్చిన ఒక అధికారి దిగీదిగగానే, "ఏ మందు కొట్టారు? ఎన్నిసార్లు కొట్టారు? ఎవరు చెబితే కొట్టారు?" అని వరస పెట్టారు. రైతు తల వంచుకుని, దుకాణం పేరు దాచి, పిచికారీల లెక్క తగ్గించి చెప్పాడు. పోలీసు స్టేషన్‌లో అయితే నేనైనా అంతే చెబుతాను.

గట్టు మీద ఆయన భార్య నిలబడి ఉంది. "అమ్మా, తోటలో మొదట నీ కంటికి ఏం కనపడింది?" అని అడిగాను. "ఆకు బాగానే ఉంది సారూ, పూత నిలవడం లేదు" అంటూ ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపింది. నాలుగైదు నల్లటి సన్నటి పురుగులు చేతి గీతల మీదుగా పాకాయి. పాత తామర పురుగైతే ఆకు పైకి ముడుచుకుంటుంది. ఇది పువ్వులో దాక్కుంటుంది. ఆకును చూసి మందు మీద మందు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు చస్తాయి, ఇది మిగులుతుంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టే మాట, మందులు తగ్గించే మాట ఆ తర్వాతే నడిచింది. అప్పుడు రైతు తనంతట తానే దుకాణం బిల్లులు తెచ్చి చూపించాడు.

అందుకే 'ఎందుకు' అనే ప్రశ్నను నేను పురుగుల కోసం, ఇటుకల కోసం దాచుకుంటాను. మనిషిని "ఎందుకు చేశావు" అంటే కారణం చెప్పడు, సంజాయిషీ చెబుతాడు. "అప్పుడు ఏమైంది" అంటే జరిగింది చెబుతాడు. కొందరు మిత్రులు దీన్ని మెతకదనం అంటారు. నాకు నిజం కావాలి, అది ఏ దారిన వస్తే ఆ దారి.

సమావేశాల సంగతి చెప్పనక్కర్లేదు. "అందరికీ అర్థమైందా?" అంటే చేతులు కట్టుకుని తలలూపే అలవాటు మనకు బడిలోనే పడింది. నా కింద పనిచేసేవాళ్లను నేను, "ఇందులో మీ మండలంలో కుదరనిది ఏది?" అని అడుగుతాను. అడిగి, కిటికీ దగ్గరికి వెళ్లను కానీ, ఫోను మాత్రం ముట్టుకోను. మొదట మాట్లాడేది ఎప్పుడూ అందరికంటే చిన్న ఉద్యోగే.

ఇంట్లో మాత్రం ఈ పని చాలా ఆలస్యంగా మొదలైంది. నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ ఫోను చేసి "తిన్నావా, మందులు వేసుకున్నావా" అంటాను. "ఆ, ఆ" అంటాడు, పెట్టేస్తాడు. రెండింటికీ జవాబు నాకు ముందే తెలుసు, అవ్వ చెప్పే ఉంటుంది. ఒకరోజు "బాపూ, రాత్రి షిఫ్టు దిగి ఏ దారిన వచ్చేవాడివి?" అన్నాను. కాసేపు ఏమీ పలకలేదు. ఫోను కట్ అయిందనుకున్నాను. తర్వాత మొదలుపెట్టాడు: గేటు బయట చాయ్ బండి, సైకిల్‌కు డైనమో లైటు, జేబులు తడిమి పంపే కాపలావాడు, వాడితో పడిన గొడవ. ఆ గొడవ సంగతి అవ్వకు కూడా తెలియదట. ఇప్పుడు ఆదివారాలు ఆయనే ఫోను చేస్తున్నాడు. ఇంకా గేటు దగ్గరే ఉన్నాం, మిల్లు లోపలికి పోలేదు.