పిల్లి కూడా స్తుతించిన చర్చి

కీర్తనల గ్రంథంలో చివరిదైన 150వ కీర్తనలో విన్నపం లేదు, కన్నీరు లేదు, శత్రువుల ఊసే లేదు. బూర, స్వరమండలం, సితారా, తంబుర, నాట్యం, పిల్లనగ్రోవి, తాళాలు వరసగా వచ్చేస్తాయి. చివరికి ఒక పిలుపు: "సకలప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక." స్తుతించడానికి కీర్తనకారుడు పెట్టిన షరతు ఒక్కటే, ప్రాణం ఉండాలి. బాప్తిస్మం అయిందా, ఆదివారం క్రమంగా గుడికొస్తున్నావా అని అడగలేదు.

ఈ మాటను అక్షరాలా పాటించిన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చికి చెందిన) గురువు ఒకాయన ఉన్నాడు, వాల్టర్ హస్సీ. ఆయన చేసిందేమిటో అర్థం కావాలంటే ముందు ఇంగ్లండ్ చర్చిల గోడల సంగతి చెప్పాలి. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ మత సంస్కరణలో, ముఖ్యంగా ఆరో ఎడ్వర్డ్ కాలంలో, విగ్రహాలు తీసేశారు, గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టేశారు. 1643-44లో విలియం డౌసింగ్ అనే ఆయన తూర్పు ఇంగ్లండులో ఊరూరా తిరిగి, మిగిలిన బొమ్మల అద్దాలు పగలగొట్టించి, ఎక్కడ ఏం పగిలిందో డైరీలో రాసుకున్నాడు. వాళ్లను దుర్మార్గులని తీసిపారేయలేం, విగ్రహాలు చేసుకోవద్దనే రెండో ఆజ్ఞను నమ్మే ఆ పని చేశారు. 19వ శతాబ్దంలో రంగులు తిరిగొచ్చాయి. విలియం మోరిస్ కంపెనీ చేసిన కిటికీలు ఇప్పటికీ కళకళలాడుతుంటాయి. ఆ తర్వాత మాత్రం పాత నమూనాలకు నకళ్లే ఎక్కువయ్యాయి. కాలానికి తగ్గ కొత్త కళ వేరే దారిన పోయింది. బిషప్ జార్జ్ బెల్ లాంటి వాళ్లు నాటకాలు రాయించి, గోడల మీద బొమ్మలు వేయించి ఆ దూరం తగ్గించాలని చూశారు.

హస్సీ 1937లో నార్తాంప్టన్‌లోని సెయింట్ మాథ్యూస్ చర్చికి వికార్‌గా, అంటే ఆ సంఘం గురువుగా వచ్చాడు. 1943లో ఆ చర్చికి యాభై ఏళ్లు నిండాయి. బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అలాంటి టైమ్‌లో, పండక్కి కొత్త సంగీతం కట్టి ఇమ్మని సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్‌ను అడిగాడు. బ్రిటెన్ తీసుకున్న సాహిత్యం 18వ శతాబ్దపు కవి క్రిస్టఫర్ స్మార్ట్‌ది. నడివీధిలో మోకాళ్లూని ప్రార్థించే మనిషి ఆయన. పిచ్చివాడని ఆసుపత్రిలో పెడితే అక్కడే ఈ పంక్తులు రాశాడు. తోడుగా జెఫ్రీ అనే పిల్లి ఉండేది. అది ఒళ్లు సాగదీసి మెలికలు తిరుగుతూ తనకు చేతనైన పద్ధతిలో దేవుణ్ని ఆరాధిస్తోందని కవి అంటాడు. బ్రిటెన్ దాన్ని కోయిర్‌లోని చిన్నపిల్లాడి గొంతుకిచ్చాడు. ఆ తర్వాత ఎలుక, ఆ తర్వాత పువ్వులు. పండగ ఆరాధనలో, పీఠం ముందు, పిల్లి మీద పాట! నవ్వొచ్చినా సరే, కీర్తన చెప్పిన సకలప్రాణుల్లో పిల్లి లేదని ఎవరంటారు?

మరుసటి ఏడాది హెన్రీ మూర్ చెక్కిన మరియమ్మ, బాలయేసు శిల్పం అదే చర్చికి వచ్చింది. లండన్‌లో బాంబులకు భయపడి భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకున్న జనాన్ని మూర్ గీసిన బొమ్మలు చూసి హస్సీ ఆయన దగ్గరికి వెళ్లాడు. ఒప్పుకోవడానికి మూర్ చాలా తటపటాయించాడు. శిల్పం పెట్టాక స్థానిక పత్రికకు నిరసన ఉత్తరాలు ముంచెత్తాయి. 1946లో గ్రాహమ్ సదర్లాండ్ సిలువ చిత్రం ఎదురుగా చేరింది. నాజీ శిబిరాల ఫొటోలు చూసిన కళ్లతో గీసింది అది. దాని ముందు ప్రార్థన తేలిక కాదు, అలా ఉండడమే సరైందని నా అభిప్రాయం. సిలువను అలంకారంగా చూసి చూసి మనకు అలవాటైపోయింది.

1955లో హస్సీ చిచెస్టర్ కథీడ్రల్‌కు డీన్, అంటే అక్కడి పెద్ద గురువు అయ్యాడు. 1965లో అమెరికా యూదుడైన సంగీతకర్త లెనార్డ్ బర్న్‌స్టీన్ చేత కీర్తనలకు సంగీతం కట్టించాడు. ఆంగ్లికన్ గాయకులు వాటిని హీబ్రూలోనే పాడారు. చివర్లో వచ్చేది మనకు కంఠతా వచ్చిన వచనమే: "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు! ఎంత మనోహరము!" శిబిరాల తలుపులు తెరిచి అప్పటికి ఇరవై ఏళ్లే. 1978లో, డీన్‌గా హస్సీ దిగిపోయాక, చిత్రకారుడు మార్క్ షగాల్ చేసిన కిటికీ అక్కడ వెలిసింది. అదీ యూదుడి పనే. ఎర్రగా మండే అద్దంలో వాద్యాలు వాయించే చిన్న చిన్న మనుషులు. ఇతివృత్తం 150వ కీర్తన. బయటివాళ్లతో దేవుని పనా అంటే, సొలొమోను మందిరం కోసం ఇత్తడి పని చేయడానికి తూరు నుంచి హీరామును పిలిపించాడు కదా.

మన దగ్గర ఈ ఆలోచన అంతకుముందే మొదలైంది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారి హయాంలో కట్టిన డోర్నకల్ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు అందులో కలిసి కనిపిస్తాయి. అయినా డప్పు విషయంలో మాత్రం చాలా సంఘాలు ఇంకా వెనకాడుతూనే ఉన్నాయి. ఊరేగింపులో ముందు నడవనిస్తాం, గుమ్మం దగ్గర ఆపేస్తాం. లోపల కీబోర్డు, రిథమ్ ప్యాడ్‌లకు లేని అభ్యంతరం దానికెందుకో మనసులో అందరికీ తెలుసు. కనీసం 150వ కీర్తన చదివే ఆదివారమైనా, డప్పు కొట్టే అన్నను కోయిర్ పక్కన నిలబెట్టమని మన అయ్యగార్లను అడగాలి.