తలకట్టు

"ఇవ తానే రైట్ హాక్కొండాన నోడ్రీ మిస్!"

రాయచూరు పిల్ల పలక ఎత్తి పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పలక తనది కాదు, పక్కన కూర్చునే పిల్లాడిది. వాడు వెనకాలే వచ్చి దాన్ని లాక్కోవాలని చూస్తున్నాడు, నోట మాత్రం మాట లేదు. ఆ పిల్ల ఫిర్యాదు ఏమిటంటే, వీడు అక్షరాలు రాసి, నేను చూడకముందే ఒక్కో అక్షరం నెత్తిన తనే రైట్ కొట్టేసుకున్నాడట.

పలక చూశాను. ర, గ, స, ద. నాలుగూ గుండ్రంగా, తీరుగా ఉన్నాయి. నాలుగింటి మీదా తెలుగు తలకట్లు.

తెలుగు చదువుకున్నవాళ్ళకి ఇది తోచదు గానీ, మన తలకట్టు అచ్చం టీచరు కొట్టే రైట్ గుర్తే. కన్నడ తలెకట్టు అలా ఉండదు. అది అడ్డంగా పడుకున్న గీత, చివర చిన్న కొక్కెం. ఆ రెండూ తీసేస్తే కింద ఉన్న ర, గ, స, ద రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. అయిదేళ్ళుగా ఒకటో తరగతికి చెబుతున్నాను, ఆ మాట నాకు ఎప్పుడూ తట్టలేదు. ఏడేళ్ళ పిల్ల ఒక్క చూపులో పట్టేసింది.

మా బడి బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు, కన్నడ మాధ్యమం సర్కారు బడి. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నంత కాలం రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలే మాకు ఎక్కువ. రాయచూరు, యాదగిరి నుంచి కొందరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి కొందరు. ఈ పిల్లాడిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాన్నది సెంట్రింగ్ పని, అమ్మ అదే సైట్‌లో తట్ట మోస్తుంది. నవంబరులో, సంవత్సరం మధ్యలో తీసుకొచ్చి చేర్చారు. టీసీ లేదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదు, కాబట్టి ఆ రోజే హాజరు పుస్తకంలో పేరు రాసుకున్నాను. ఊళ్ళో తెలుగు బడిలో ఒకటో తరగతి అయిపోయింది. ఇక్కడ రెండులో కూర్చోబెట్టాం.

కూర్చోబెట్టాం అంటే, మా దగ్గర ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకే గదిలో ఉంటాయి. నలి-కలి పద్ధతి. నలియుత కలి, సంతోషంగా ఆడుతూ నేర్చుకో అని. బెంచీలు ఉండవు, గుండ్రటి బల్లల చుట్టూ పిల్లలు. గోడ మీద మెట్లు మెట్లుగా కలికా ఏణి, అంటే చదువుల నిచ్చెన. ప్రతి మెట్టుకీ ఒక కార్డు, కార్డు మూలన ఒక బొమ్మ గుర్తు. ఏ పిల్లకి ఆ పిల్లే ఏణిలో తన మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు ట్రేలో వెతుక్కుని తెచ్చుకుంటుంది. కొందరు నా పక్కన కూర్చుని నేర్చుకుంటారు, కొందరు తోటిపిల్లల దగ్గర, కొందరు ఒంటరిగా. గోడల అడుగున పిల్లల చేతికి అందే ఎత్తులో నల్లరంగు పూసిన పట్టీ ఉంటుంది, ఎవరి జాగా వాళ్ళది. తల మీద దారాలు కట్టి, పిల్లలు రాసిన, గీసిన కాగితాలు వేలాడదీస్తాం. దాన్ని చప్పర అంటాం, అంటే పందిరి.

అక్షరాలు అ ఆ ఇ ఈ వరసలో రావు. మొదటి గుంపు ర గ స ద అ. ఈ అయిదు వస్తే చాలు, మాటలు పుడతాయి. అరస అంటే రాజు. సర అంటే మెడలో గొలుసు. గరగస అంటే రంపం.

ఆ గరగస దగ్గరే వాడు నోరు విప్పాడు.

అప్పటికి వాడు వచ్చి తొమ్మిది రోజులు. మొదటి రోజు నుంచీ నేను తెలుగులోనే పలకరిస్తున్నాను. తల ఊపేవాడు, అంతే. నాడగీత, అంటే కర్ణాటక రాష్ట్ర గీతం, పాడేటప్పుడు పెదాలు కదిపేవాడు, పాలు తాగేవాడు, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ రోజు రాయచూరు పిల్ల కార్డు పట్టుకుని 'గ... ర...' అని ఆగిపోయింది. వాడు పక్క నుంచి తొంగి చూసి గడగడా చదివేశాడు: "గరగస." ఆ పిల్ల తెల్లబోయింది. నేనూ లేచి వెళ్ళాను. అరస చూపించాను, చదివాడు. సర చూపించాను, చదివాడు. ఒక్క మాటకీ అర్థం తెలియదు. కార్డు తిప్పి గరగస బొమ్మ చూపించగానే వాడి ముఖం విచ్చుకుంది.

"ఇది రంపము గదా మిస్. మా నాయన కాడ ఉంది."

తర్వాత ఒక్క నిమిషం నన్ను తేరిపార చూసి అడిగాడు, "నీకు నిజంగా తెలుగు వస్తాదా మిస్?" తొమ్మిది రోజులు నేను మాట్లాడింది బడి తెలుగనుకున్నాడో, ఏమనుకున్నాడో.

ఆ రోజు నుంచి ఆ ఇద్దరినీ విడదీయలేదు. వాడికి అక్షరం వచ్చు, మాట రాదు. ఆ పిల్లకి మాట వచ్చు, అక్షరం రాదు. వాడు చదువుతాడు, ఆ పిల్ల అర్థం చెబుతుంది. చెప్పడమంటే నోటితో కాదు, లేచి నిలబడి చేసి చూపిస్తుంది. అరస అంటే కిరీటం పెట్టుకున్నట్టు అరచెయ్యి నెత్తిన పెట్టుకుని నడిచింది. నేను శిక్షణల్లో తోటిపిల్లల సాయం గురించి ఎన్నోసార్లు విన్నాను. దాని అసలు రూపం నాకు ఆ బల్ల దగ్గరే కనబడింది.

ఈ కార్డుల గురించి తెలుగువాళ్ళకి ఒక సంగతి చెప్పాలని చాలాకాలంగా ఉంది. నలి-కలి మొదలైంది 1995లో, మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో, యునిసెఫ్ సాయంతో. అంతకుముందు అక్కడి టీచర్లు మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీకి వెళ్ళారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసుకునే చిన్న బడులు నడిచేవి. అక్కడ ఏణి, గుర్తుల కార్డులు, ఎవరి నడక వాళ్ళది అనే పద్ధతి చూసి వచ్చి, దాన్ని కన్నడంలో తమకు తగ్గట్టు మలుచుకున్నారు. తర్వాత అది రాష్ట్రమంతా పాకింది. అంటే ఈ ఏణి మొదట ఎక్కింది తెలుగు పల్లె పిల్లలు. కళ్యాణదుర్గం పిల్లాడు మా గదిలో కార్డు తీసుకుంటున్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

పొద్దున పాల వేళ మాకు ఇంకో పాఠం నడుస్తుంది, ఏ ఏణిలోనూ లేనిది. క్షీరభాగ్య పథకం కింద 2013 నుంచి సర్కారు బడుల్లో పాలు ఇస్తున్నారు, పిల్లకి 150 మిల్లీలీటర్లు, పాలపొడి కలిపి కాచినవి. పొడి సరిగా కలవకపోతే గ్లాసు అడుగున ఉండలు కడతాయి. వాటిని వేలితో తీసుకుని తినడం పిల్లలకి పండగ. ఒకరోజు వాడు గ్లాసు చాపి "పాలు" అన్నాడు, వడ్డించే ఆమె "హాలు" అంది. వాడు నా వైపు చూశాడు. ప తీసేసి హ పెట్టి చూడరా అన్నాను. పులి? హులి. పల్లె? హళ్ళి. పేను? హేను, దానికి గదంతా నవ్వింది. పొట్ట? హొట్టె. పాత కన్నడంలో ఇవన్నీ ప-తోనే ఉండేవి, తర్వాత హ అయ్యాయి, మన దగ్గర ప నిలబడిపోయింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు, అవసరం కూడా లేదు. వాడు వారం రోజులు కనబడ్డ ప్రతిదానికీ హ తగిలించాడు. పెన్సిల్‌ని హెన్సిల్ అన్నాడు, పప్పుని హప్పు అన్నాడు. ఇవి కుదరవని వాడికి చెప్పింది రాయచూరు పిల్లే. పలక దగ్గర నేను గోడ మీది నల్లబల్ల చూపించాను. దాన్ని కన్నడంలో కప్పు హలగె అంటారు. పలక, హలగె. వాడు తన పలక ఒకసారి, ఆ గోడ ఒకసారి చూశాడు.

తలకట్టు గొడవ వచ్చాక, గోడ పట్టీ మీద వాడి జాగాలో రెండు వరసలు రాశాను. పైన తెలుగు ర గ స ద, కింద కన్నడ ర గ స ద. పై వరసకి రైట్ టోపీ, కింది వరసకి గీత టోపీ అని పిల్లలే పేర్లు పెట్టారు.

రెండు వారాల తర్వాత బడి చూడటానికి పైనుంచి ఒకరు వచ్చారు. ఆ వరసలు చూసి, ఇదేమిటి, కన్నడ గదిలో వేరే లిపి ఎందుకు, రెండూ కలిస్తే పిల్లాడు తికమక పడతాడు, చెరిపేయండి అన్నారు. వాళ్ళ ఎదురుగానే చెరిపేశాను. ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. వాళ్ళ భయం అర్థం లేనిదని నేననను, మొదట్లో నాకూ అదే ఉండేది. కానీ నేను రోజూ చూసేది వేరు. ఆ వరసలు ఉన్నన్నాళ్ళూ వాడు బలపం ఎత్తి, గోడ వైపు ఒకసారి చూసి, గీత టోపీయే పెట్టేవాడు. చెరిపిన మర్నాడు చూడటానికి పై వరస లేదు, కింది వరసా లేదు. చెయ్యి మళ్ళీ పాత దారే పట్టింది, మూడు రోజులు రైట్లే రైట్లు. పక్కపక్కన ఉన్నప్పుడు తేడా కంటికి కనబడుతుంది. ఒకదాన్ని దాచేస్తే అది పోదు, చేతిలోకి దిగి కూర్చుంటుంది. నాలుగో రోజు మళ్ళీ రాశాను.

నాకు ఇంత గట్టిగా అనిపించడానికి కారణం ఉంది. మాది కర్ణాటకలోనే, ఆంధ్ర సరిహద్దు వైపు, చింతామణి దగ్గర పల్లె. ఇంట్లో, వీధిలో, సంతలో తెలుగు, బడిలో కన్నడ. మా అవ్వ, మా వైపు యోగి కైవారం తాతయ్య తత్వాలు పాడేది. ఇంట్లో ఉన్న పుస్తకంలో మాట తెలుగు, లిపి కన్నడ. తెలుగు అంటే అలాగే రాస్తారని పదేళ్ళ దాకా నమ్మాను. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఇరవై రెండేళ్ళప్పుడు, బస్సుల మీది బోర్డులు చదువుతూ, దినపత్రిక పక్కన పెట్టుకుని. మొదట రాసిన పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ప్రతి అక్షరం మీదా కన్నడ గీత. అంటే ఆ పిల్లాడు నడిచిన దారిలోనే నేను ఎదురుగా వచ్చాను. వాడి పలక చూసి తప్పు అనడానికి నాకు నోరెలా వస్తుంది?

ఇప్పుడు ఫిబ్రవరి. వాడు గుణింతాల్లోకి వచ్చేశాడు. మొన్న బలపం కింద పెట్టి, "కన్నడము సులభము మిస్, దీర్ఘానికి ఒకటే కొక్కి" అన్నాడు. నిజమే. మనకి కి కీ, కె కే, కొ కో, ఒక్కోదానికి తల మీద ఒక్కో మార్పు. కన్నడంలో మూడింటికీ పక్కన అదే గుర్తు తగిలిస్తే చాలు. పుస్తకం చూడకుండా రెండు లిపులు పోల్చి చెప్పాడు వాడు.

పోయిన శుక్రవారం 'మన కుటుంబం' కార్డు వచ్చింది. ఇంట్లో ఒకరి బొమ్మ గీసి, కింద వాళ్ళని ఏమని పిలుస్తారో రాయాలి. ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకుని, ఒకరికొకరు చూపించకుండా గీశారు. తీసి చూస్తే ఇద్దరూ రాసింది ఒకటే మాట: అవ్వ.

ఆ పిల్ల వాడి బొమ్మ చూసి, అవ్వకి జుట్టు తెల్లగా ఎందుకు వేశావని తగువుకొచ్చింది. వాడు ఆ పిల్ల బొమ్మ చూసి, అవ్వ నెత్తిన సిమెంటు తట్ట ఎందుకుందన్నాడు. రాయచూరు వైపు అవ్వ అంటే అమ్మ. కళ్యాణదుర్గంలో అవ్వ అంటే నాయనమ్మ. కాసేపు ఇద్దరూ నువ్వు తప్పంటే నువ్వు తప్పని అరుచుకున్నారు. నేను మధ్యకి వెళ్ళలేదు. చివరికి ఆ పిల్లే "నిమ్మ అవ్వ ముదుకి, నమ్మ అవ్వ అవ్వ" అని తేల్చేసింది. మీ అవ్వ ముసలిది, మా అవ్వ అవ్వ.

కాగితాలు తీసుకుని చప్పరకి తగిలించబోతూ చూశాను. మూడు నెలలుగా గీత టోపీ పెడుతున్న పిల్లాడు, ఆ కాగితం మీద మాత్రం వ నెత్తిన తెలుగు తలకట్టు పెట్టాడు. మర్చిపోయావా అని అడిగాను.

"లేదు మిస్. ఇది ఫోన్‌లో ఫోటో తీసి మా అవ్వకి పంపల్ల. మా అవ్వకి ఇట్ల రాస్తేనే చదివేకి వస్తాది."

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చినప్పుడు ఆమె ఫోన్‌తోనే ఫోటో తీసి పంపించాం. ఇదంతా పక్కనే నిలబడి చూసిన రాయచూరు పిల్ల, తన కాగితం పందిరి మీంచి తీయించుకుని నా ముందు పెట్టింది.

"నమ్మవ్వగూ రైట్ హాక్రీ మిస్." మా అవ్వకీ రైట్ పెట్టండి అని.

ఎర్ర పెన్ను తీసి, కన్నడ గీత పైన, వ నెత్తిన, ఒక తలకట్టు పెట్టాను.